సీలు రాలేదు

"సీసా తాత మళ్ళీ వచ్చాడండీ!" గుమ్మంలోంచే కేకేశాడు అటెండరు.

మున్సిపాలిటీ ఇంజనీరు తల పట్టుకున్నాడు.

తాత లోపలికొచ్చి, కాలవ నీళ్ళ సీసా బల్లమీద పెట్టాడు. నీళ్ళు నీలంగా ఉన్నాయి.

"రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ వదిలారు బాబూ. మా కాలవ వీధిలో పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు. మూయించండి."

"అది కాలుష్య మండలి పని తాతా."

"ఆ అధికారం మీకు బదిలీ చేసేశామన్నారు వాళ్ళు."

నిజమే. ఉత్తర్వు ఎప్పుడో వచ్చింది. కానీ కొత్త అధికారమంటే కొత్త తలనొప్పి. కోరి కొరివితో తల గోక్కోవడం ఎందుకనుకున్నాడు ఇంజనీరు.

"అధికారం వచ్చింది గానీ, సీలు రాలేదు. సీలు లేని నోటీసు చెల్లదు."

"పోనీ, నేను చేయించి తెచ్చేదా?"

ఆఫీసంతా గొల్లుమంది.

"అసలు ఆ ఫ్యాక్టరీ మీద నీకంత కక్షేంటి తాతా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"కక్ష కాదు బాబూ. నా మాట వినరు. చట్టం మాటైనా వింటారని."

ఆయన వెళ్ళాక ఆ నీళ్ళు అటెండరు కిటికీలో పూలమొక్కకి పోశాడు. వారం తిరక్కుండా మొక్క మాడిపోయింది. ఇంజనీరు అటెండర్ని చెడామడా తిట్టాడు, ఫ్యాక్టరీని మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

తర్వాత తాత రావడం మానేశాడు. పీడా విరగడైందనుకున్నాడు ఇంజనీరు.

ఒక ఉదయం అతని ఇంట్లోనే కుళాయి నీళ్ళు నీలంగా వచ్చాయి.

"మంట నాన్నా!" కూతురు చేతులు గోక్కుంటూ ఏడ్చింది.

ఇంజనీరు ఆఫీసుకి పరిగెత్తి సొరుగు లాగాడు. ఉత్తర్వుతోపాటే వచ్చిన సీలు, కట్టిన కాగితం కూడా విప్పకుండా అక్కడే ఉంది. కాగితం చింపి, నోటీసు మీద సీలు గుద్దాడు. ఊరి పిల్లలకి లేని సీలు తన పిల్లకి దొరికింది.

ఫ్యాక్టరీలో యజమాని నోటీసు చదివి, వెంటనే సంతకం పెట్టాడు.

"దీనికోసమేనండీ మా నాన్నగారు ఎదురుచూసింది."

"మీ నాన్నగారా?"

"ఈ ఫ్యాక్టరీ పెట్టింది ఆయనే. రంగునీళ్ళు వదలొద్దని మాతో పోట్లాడి, కాలవ వీధిలో గది తీసుకున్నారు. నోటీసు వచ్చేదాకా ఆ వీధివాళ్ళు తాగే నీళ్ళే తాగుతానన్నారు. మొన్ననే పోయారు."

ఇంజనీరు సంతకం పెట్టిన కాగితం తీసుకుని తలెత్తాడు.

ఎదురుగా గోడమీది ఫొటోలో, ఫ్యాక్టరీకి మొదటి ఇటుక పేరుస్తూ సీసా తాత నవ్వుతున్నాడు.