ఎడమ పక్క

"ఎడమ పక్కకే పడుకోవాల. అరగంట కదలకూడదు."

గదిలో కొడుకు అజ్మల్, కోడలు సమీరా గుసగుసలాడుకుంటుంటే, బయట షహర్‌బాను చెవిని తలుపుకు ఆనించి నిలబడింది. వారం రోజులుగా ఇదే తంతు. రాత్రి నమాజు కాగానే తలుపుకు గడియ! ఇంట్లో తనకు తెలియని సంగతి ఒకటుంటే షహర్‌బానుకు తిన్నది అరగదు.

ఎడమ పక్కకు పడుకోమని డాక్టర్లు చెప్పేది ఎవరికి? నెల తప్పిన ఆడదానికి! కోడలు కూరల్లో కారం తగ్గించింది కూడా అందుకేనన్నమాట. షహర్‌బాను మొహం చాటంత అయింది.

మర్నాడు ఊరుకోలేక, చెత్తబుట్టలో దొరికిన ఖాళీ మందు డబ్బా తీసుకుని పక్కింటి నర్సు ప్రసన్నకుమారి దగ్గరికి పోయింది.

"ఇది కడుపుతో ఉన్నోళ్ల మందు కాదక్కా," అంది ప్రసన్నకుమారి. "పెద్దపేగులో పుండ్లు పడి నెత్తురు పోతాంటే, వెనక దావన ఎక్కించే స్టిరాయిడు. అది పేగంతా పారాలనే ఎడమ పక్కకు పడుకోమంటారు. మానకుండా వాడితే భయం లేదులే."

షహర్‌బాను ఉసూరుమంది. ఇంటికి వచ్చేసరికి ఆ ఉసూరు కాస్తా కోపమైంది. డబ్బా తెచ్చి కోడలి ముందర పడేసింది.

"ఎన్నాళ్లనుంచి ఉండాది ఈ జబ్బు?"

సమీరా తల దించుకుంది. "మూడేండ్లు అత్తా."

"పెండ్లయి ఏడాదే గదే! దాచిపెట్టి మా నెత్తిన రుద్దినారా?"

 సమీరాకు కళ్లనీళ్లు కారిపోయాయి.

షహర్‌బాను చేసిన ఫోను అందుకుని సాయంత్రానికల్లా పుత్తూరునుంచి సమీరా తండ్రి జియావుల్లా పరుగున వచ్చాడు. కోడలి సూట్‌కేసు అప్పటికే గడప దగ్గరికి చేరింది.

"నీ బిడ్డను తోడుకొని పో భాయ్! రోగం దాచి పెండ్లి చేసేవాళ్లతో మాకు వియ్యం వద్దు," అంది షహర్‌బాను.

జియావుల్లా బిత్తరపోయి కూతురి వైపు తిరిగాడు. "ఏంది తల్లీ, నిజమేనా?"

సమీరా అవుననలేదు, కాదనలేదు. "పోదాం పా అబ్బా," అని సూట్‌కేసు ఎత్తుకుంది.

దుకాణం కట్టేసి అప్పుడే వచ్చిన అజ్మల్ గడపలోనే నిలబడిపోయాడు. తల్లిని చూశాడు, మామను చూశాడు. పెళ్లాం చేతిలోని సూట్‌కేసు లాక్కుని కింద పెట్టాడు. సిగ్గుతో నేల చూస్తూ, అక్కడ పడున్న మందు డబ్బాను తీసి జేబులో దోపుకున్నాడు.

"ఆ జబ్బు నాది మామా."