నలభై ఒక్క ముక్కల కుండ

"చేయి జారిందని చెప్పు రాజేందర్. అంతే చాలు."

అనంతలక్ష్మి ఈ మాట అనడం ఇది మూడోసారి. రాజేందర్ నేలకేసి చూస్తున్నాడు. నేల మీద రెండున్నర వేల ఏళ్ళనాటి గ్రీకు నీళ్ళకుండ పెంకులై పడి ఉంది.

అసలు ఆ కుండ ఈ మ్యూజియానికి వచ్చిందే నలభై ఒక్క ముక్కలుగా. అనంతలక్ష్మి నాలుగు నెలలు కూర్చుని అతికించింది. దాని మీద నల్లటి బొమ్మలు, తలల మీద కుండలతో నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు. "మా ఊరి బోరింగు కాడి ఆడోళ్ళ లెక్కనే ఉన్నరు మేడం" అని మురిసిపోయేవాడు రాజేందర్. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. ఇక్కడ ఈ పాత కుండల్ని మోయడం, సర్దడం అతని డ్యూటీ. ఏడేళ్ళలో ఒక్క పెంకుకు కూడా నెర్రె రానివ్వలేదు. అతని చేతికిచ్చాక ఆమె నిశ్చింతగా టీ తాగడానికి వెళ్ళేది.

ఈ గల్ఫ్ దేశంలో జరగబోయే ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు ఇక నెల రోజులే. అప్పుడు వచ్చే అతిథుల కోసం అల్ రయ్యాన్‌లోని ఈ ప్రైవేట్ మ్యూజియంలో కొత్త గది తెరుస్తున్నారు. అందరికీ తలప్రాణం తోకకొస్తోంది.

"కావాలనే పగలగొట్టిండు మేడమ్" అన్నాడు సెక్యూరిటీ ఇన్‌ఛార్జి రఫీయుద్దీన్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. "మొన్న లీవ్ ఇయ్యలేదు గదా, ఆ గుస్సా. పోలీసులకు చెప్పుడే."

లీవ్ ఇవ్వనిది అనంతలక్ష్మే. అవ్వకు బాగాలేదని మూడు రోజుల కిందట రాజేందర్ కాగితం పట్టుకొచ్చాడు. "వరల్డ్ కప్ ముందరే అందరి అమ్మలకూ బుఖార్ వస్తది మేడమ్" అని రఫీయుద్దీన్ అంటే ఆమె కూడా నవ్వింది. ఓపెనింగ్ అయ్యాక వెళ్ళమంది. అతను సరేనని వెళ్ళిపోయాడు.

ఇప్పుడామెకు కోపమూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. నాలుగు నెలల కష్టం ఒక ఎత్తు, ఏడేళ్ళ నమ్మకం ఒక ఎత్తు. కావాలనే చేశాడని తేలితే జైలు తప్పదు. అయినా ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. అతని ఒళ్ళంతా తడిసి ఉంది. పాపం, ఈ ఉక్కకు చెమట. కాళ్ళకు బూట్లు కూడా లేవు. జారే ఉంటాడు.

"నీ వైపే ఉన్నాను నేను. జారింది, అంతేగా?"

అతను తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు మల్ల అతికిస్తరు గద మేడం?"

ఆమెకు ఒళ్ళు మండింది. "అతికించడానికి ఇదేమన్నా ఆటబొమ్మా!" అని అరిచేసింది. అరిచినందుకు మళ్ళీ తనే నొచ్చుకుంది. కెమెరాలో చూద్దామంది. చేయి జారినట్టు ఒక్క క్షణం కనిపిస్తే చాలు, మనిషిని కాపాడుకోవచ్చు.

రఫీయుద్దీన్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. "మీరే చూడండి. జారిందా, వదిలిండా?"

తెర మీద రాజేందర్ బల్ల మీద ఫోన్ నిలబెట్టి దానికి దండం పెట్టాడు, నీళ్ళు నింపిన కుండను ఎడమ భుజానికెత్తుకుని ఆ బల్ల చుట్టూ మూడుసార్లు తిరిగాడు, కుండను వీపు వెనక్కి వదిలేసి, వెనుదిరిగి చూడకుండా గుమ్మం వైపు నడిచాడు.