పందెం మొదలయ్యేదాకా

మూడు దేశాల గుర్రప్పిల్లలు ఏటా పందెం పరిగెత్తేది ఒకే మైదానంలో. ఆ మైదానం ఏనుగుది. ఈసారి వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలాయి.

తల్లి గుర్రాలు భయపడి ఒకచోట చేరాయి. కానీ ఏనుగుతో ఎవరు మాట్లాడాలన్న దగ్గర పేచీ వచ్చింది.

"నువ్వెళితే నీ పిల్లకు మాత్రమే మెత్తటి దారి అడుగుతావు," అంది ఇసుక దేశపు తల్లి.

"నువ్వేమన్నా తక్కువ తిన్నావా?" అంది నది దేశపు తల్లి.

కొండ దేశపు బూడిదమ్మకు విసుగొచ్చింది. "మీ తగువు తెగేలోపు పిల్లల కాళ్ళు విరుగుతాయి. నేను వెళతాను. నా పిల్ల ఊసెత్తితే నన్ను మళ్ళీ మీ గడ్డి తొక్కనివ్వకండి."

తల్లులన్నీ వెంట వెళ్ళాయి. నది పిల్ల గిట్టలు పలచనివని, ఇసుక పిల్ల ఎన్నడూ రాయి తొక్కి ఎరగదని బూడిదమ్మ ఏనుగుకు చెప్పింది. వెనక నిలబడ్డ తల్లులు చెవులు రిక్కించి విన్నాయి.

రాళ్ళు ఏరి పారేస్తానని ఏనుగు ఒప్పుకుంది. దూరంగా గంతులేస్తున్న పిల్లల్ని చూసి, "ఇంతకీ వాటిలో నీ పిల్ల ఏదమ్మా?" అని అడిగింది.

"పందెం మొదలయ్యాక చెబుతాను దొరా," అంది బూడిదమ్మ. "అప్పటిదాకా అన్నీ నావే."