కుట్టు లేని ఆపరేషన్

"బావగారూ, చొక్కా ఒకసారి పైకెత్తండి."

ఉమామహేశ్వరానికి కంపరమెత్తింది. విశాఖ ఆసుపత్రి నుంచి యానాం వచ్చి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లోనూ ఆయన చేత చొక్కా ఎత్తించినవాళ్ళు వీడితో పదకొండు మంది. మనిషిని చూడ్డానికి వస్తున్నారా, కుట్లు చూడ్డానికి వస్తున్నారా?

బావమరిది దుర్గాప్రసాద్ తాళ్ళరేవు నుంచి దిగాడు. పేరుకే పరామర్శ. దారిలో బ్రాందీ షాపు దగ్గర ఆగాడని చేతిసంచీయే చెబుతోంది. పైన రొట్టె, బత్తాయిలు. కింద సీసాలు. ఆ నోటి కంపుతోనే మీదికి వంగి, జిడ్డు వేళ్ళతో ఛాతీ అంతా తడిమాడు. ఉమామహేశ్వరం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"గుండె ఆపరేషనన్నారు, చిన్న గాటైనా లేదేంటే అక్కా? నాకేదో అనుమానంగా ఉంది."

కనకదుర్గ మొహం పాలిపోయింది. అది చూసి ఆయనకి ఒళ్ళు మండింది. మూడు నెలలుగా ఆవిడకి నిద్ర లేదు. మొగుడి గుండె నిమిషానికి నూట యాభైసార్లు కొట్టుకుంటోందనీ, ఇలాగే వదిలేస్తే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చనీ డాక్టరు చెప్పినప్పట్నుంచీ ఆవిడకి అదే బెంగ. ఈ నాలుగు రోజులే కంటినిండా పడుకుంటోంది. ఇప్పుడీ తాగుబోతు వెధవ వచ్చి ఆ కాస్త నిద్రా చెడగొడుతున్నాడు.

"దీనికి గుండె కొయ్యరయ్యా!" అని అరిచాడు. "గుండె పై గదిలో కరెంటు తిన్నగా కిందికి దిగకుండా అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంది. అదీ రోగం. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ గుండెలోకి పంపి, ఆ దారికి అడ్డంగా చిన్న గీతలా కాలుస్తారు. దారి తెగుతుంది, తిరగడం ఆగుతుంది. కుట్టూ ఉండదు, గాటూ ఉండదు."

అంత చెప్పేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది.

"అయితే తొడ చూపించండి."

"ఛీ! సిగ్గూ శరం ఉందా నీకు? అక్క ముందు బావ పంచె ఎత్తిస్తావా?"

దుర్గాప్రసాద్ పళ్ళికిలించాడు. "కోప్పడకండి బావగారూ. కారు పడదని అక్క ఇంట్లోనే ఉండిపోయింది. తోడొచ్చిన ప్రవీణేమో మీ ఆఫీసోడు. ఆసుపత్రోళ్ళు మిమ్మల్ని ఉత్తినే పడుకోబెట్టి లేపి పంపేశారేమోనని నా బాధ."

ఇంత రోత మనిషిని ఆయన జన్మలో చూడలేదు. ఆ పళ్ళు, ఆ కంపు, ఆ అనుమానం! సంచీతో సహా వీధిలోకి గిరాటెయ్యాలనిపించింది.

ఆ పని కనకదుర్గే చేసేలా ఉంది. "నోర్ముయ్యరా! ఆయనంత వివరంగా చెప్పాక కూడా నీకు అనుమానమేంట్రా?" అంటూ లేచి, ఆసుపత్రి ఫైలు తీసింది. దాని మీదున్న నంబరు నొక్కింది.

"ఎందుకే? ఈ వెధవకి మనం రుజువు చూపించాలా? పెట్టెయ్ ఫోను."

"మీరుండండి. వీడి నోరు మూయిస్తేగానీ నాకు మనసు కుదుటపడదు."

అవతల నర్సు పలికింది. కనకదుర్గ స్పీకరు నొక్కి, మొగుడి పేరు చెప్పి, ఆపరేషన్ ఎలా జరిగిందో మా తమ్ముడికి కాస్త చెప్పమ్మా అని అడిగింది.

"ఆయన తాలూకాండీ, బల్ల మీద పడుకోబెట్టగానే భయమేసి దిగి వెళ్ళిపోయారు కదండీ, ఆపరేషన్‌కి మళ్ళీ ఎప్పుడొస్తారో కనుక్కోమని డాక్టరు గారు రోజూ అడుగుతున్నారండీ!"