పాస్టరుగారి పుస్తకాల పెట్టె

చర్చి గడప తొక్కని ఇరుగుపొరుగును పుస్తకాలు ఎరవేసి లాక్కురావాలని మా ఆయనకు బుద్ధి పుట్టింది. అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని మా ఊళ్లో ఆయన పాస్టరు. చర్చి ముందు స్తంభం పాతి, దారిన పోయేవాళ్లు ఊరికే పుస్తకాలు తీసుకెళ్లేలా, పైన బుల్లి శిలువతో ఓ చెక్కపెట్టె బిగించాడు. ఇంట్లో ఉన్న మంచి పుస్తకాలు తెచ్చి అందులో పెట్టమని సంఘస్థులకు చెప్పాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, నిమ్మకాయ కేకు కోసం చేరిన వీధివాళ్లందరి ముందూ పెట్టె తెరిచాడు. కిక్కిరిసి ఉంది. అన్నీ ఒకటే పుస్తకం. మా ఆయన ప్రసంగాలు. తనే అచ్చేయించి, ఎవరి పేరు వాళ్లకు రాసి, సంతకం పెట్టి మరీ క్రిస్మస్‌కు ఇంటింటికీ అంటగట్టినవి.

"ఎవరు పెట్టారో చూద్దాం," అంటూ ఒక్కొక్కటే తిరగేశాడు. సంతకం ఉండాల్సిన పేజీ దేంట్లోనూ లేదు. దొరికిపోతామని అందరూ చింపేశారు.

"మంచివే పెట్టమన్నారుగా పాస్టరు గారూ," అంది పియానో వాయించే వెర్నా, కేకు నములుతూ. "మీదానికంటే మంచిది మా కొంపల్లో ఎక్కడేడిసింది?"

మా ఆయన నమ్మేశాడు. మొహం చేటంత చేసుకున్నాడు.

అట్టడుగు పుస్తకంలో మాత్రం ఆ పేజీ ఉంది. హుషారుగా గొంతు సవరించుకుని పైకే చదివాడు.

"ప్రతి మాటా అందరికంటే ముందు విన్న నా ఐడాకు, ప్రేమతో..."

వీధి వీధంతా నా వైపు తిరిగింది.

"పేజీ చింపడం మరిచిపోయావు, ఐడా," అన్నాడు మెల్లగా.

"వాళ్లకైతే మొహమాటం," అన్నాను. "నేనేం మరిచిపోలేదు."