చిట్టెమ్మ క్యారేజీ

చిట్టెమ్మ క్యారేజీలో ఏదో దొంగతనంగా బయటికి పోతోందని వాచ్‌మన్ ఎజ్రాకి వారం రోజులుగా అనుమానం. పొద్దున్న ఆమె చేతిలో ఊగుతూ వచ్చే క్యారేజీ, సాయంత్రం ఐదింటికి ఒలికిపోతుందేమో అన్నంత ఒద్దికగా గేటు దాటుతోంది.

రాజమండ్రిలోని ఆ కాలేజీ ల్యాబులో చిట్టెమ్మ అటెండరు. అక్కడ ఆశాజ్యోతి మేడం కడియం నుంచి బిళ్ళగన్నేరు మొక్కలు తెప్పించి, వాటిలోంచి మందు తీసి, కంటికి కనపడనంత చిన్న కొవ్వు బుడగల్లో నింపుతారు. లైపోజోములంటారట. అవి మందుని మోసుకెళ్ళి నేరుగా క్యాన్సర్ కణాల దగ్గర దింపుతాయట. ప్రస్తుతానికి పరీక్షలన్నీ గాజు పళ్ళాల్లో పెంచిన కణాల మీదే.

ఎజ్రాకి ఆ ల్యాబంటే చర్చి అంత గౌరవం. అతని భార్య రూబీ రెండు నెలలుగా క్యాన్సర్ వార్డులో ఉంది. కాలేజీ వాళ్ళు ఆమెకి పళ్ళబుట్ట పంపితే, "ఒకరి దగ్గర ఊరికే పుచ్చుకునే అలవాటు లేదండి" అని వెనక్కి పంపేసిన మనిషి అతను.

ఒంట్లో బలం లేదని డాక్టరు ఆమెకి కీమో ఆపారు. ఈ వారమే కాస్త తేరుకుంది. "ఆసుపత్రి తిండి బాగుందండీ, మీరు దిగులు పడకండి" అంటోంది ఫోన్లో. ఇంకొన్నాళ్ళు ఇలాగే తింటే మళ్ళీ మొదలుపెడతామన్నారు.

అలాంటి వాళ్ళ కోసం చేసే మందుని ఎత్తుకుపోతుంటే ఊరుకుంటాడా?

ఆ సాయంత్రం గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మూత తియ్యండి చిట్టెమ్మ గారూ."

"ఏముందండీ బాబూ, తిని కడిగేసిన గిన్నెలు!"

"కడిగేసిన గిన్నెల్ని చంటిబిడ్డలా ఎత్తుకెళ్తారేంటి?"

చిట్టెమ్మ మొహం పాలిపోయింది. అప్పుడే ఆశాజ్యోతి మేడం స్కూటీ వచ్చి ఆగింది. ఎజ్రా తనే మూత తీశాడు. గిన్నె నిండా జిగటగా ఏదో తేటనీరు.

"మందు మేడం! దొరికిపోయింది!"

మేడం తొంగిచూసి నవ్వేశారు. "కోడిగుడ్డు తెల్లసొన ఎజ్రా గారూ. బుడగలు చేసే కొవ్వుని మేం పచ్చసొనలోంచి తీస్తాం. పొద్దున్నే టిఫిన్ గదిలో గుడ్లు పగలగొట్టేది చిట్టెమ్మే. తెల్లసొన పారబోసేవాళ్ళం, ఇప్పుడు అక్కడి ఫ్రిజ్‌లో దాచి, నన్ను అడిగే తీసుకెళ్తోంది."

ఎజ్రాకి తల కొట్టేసినట్టయింది. అయినా తగ్గలేదు. "అడిగే తీసుకెళ్తుంటే నా దగ్గర అబద్ధమెందుకండీ? రేపు ప్రిన్సిపాల్ గారి ముందు తేలాలి. అప్పటిదాకా ఈ క్యారేజీ గేటు దాటదు."

చిట్టెమ్మ మేడం వైపు చూసింది. "ఇంక చెప్పెయ్ చిట్టెమ్మా" అన్నారు మేడం.

"తెలిస్తే పళ్ళబుట్టలాగే దీన్నీ వెనక్కి పంపేస్తారని ఒట్టేయించుకుందండీ. దారి ఇవ్వండి బాబూ, ఆరింటికల్లా ఈ తెల్లసొనతో అట్టేసి వేడివేడిగా పట్టుకెళ్ళకపోతే మీ రూబీ నన్ను బతకనివ్వదు!"