ముత్తన్న అరికాళ్లు

"ముత్తన్నా, తెలుస్తున్నదా?" అరికాలిని గుండుసూదితో పొడిచి అడిగాడు డాక్టర్ ఆత్మారాం.

"లేదు డాక్టర్ సాబ్."

రెండో కాలూ అంతే. డాక్టరు ముఖం పాలిపోయింది.

హెర్నియా ఆపరేషన్ బాగానే అయింది. వెన్నులో వేసిన సూది మత్తు నిన్నటికే దిగిపోవాలి. తొడలకూ పిక్కలకూ స్పర్శ వచ్చింది, అరికాళ్లకే రాలేదు. ఎక్కడో లక్షమందిలో ఒకరికి ఈ సూదితో నరం చెడుతుందని డాక్టరే చెప్పాడు. బోధన్‌లో కొత్తగా ఆస్పత్రి తెరిచినవాడు. ఆయన వచ్చాకే జనానికి నిజామాబాద్ దాకా బండి కట్టే బాధ తప్పింది. లక్షలో ఆ ఒక్కడూ తన దగ్గరికే రావాలా, పాపం!

"ఆపరేషన్‌కు ముందు కాళ్లల్ల తిమ్మిరి ఏమన్నా ఉండెనా?"

ముత్తన్న నోరు తెరిచేలోపే తమ్ముడు సిద్దిరాములు గయ్యిమన్నాడు.

"ఏం మాట్లాడుతున్నవ్ సాబ్? పీర్ల పండుగకు మా అన్న నిప్పుల గుండం తొక్కుతడు. అందరు ఉరుకుతరు, మా అన్న నిమ్మళంగ నడుస్తడు. కాళ్లల్ల దోషముంటె గట్ల నడుస్తడా?"

డాక్టరు గుండుసూదిని పక్కన పడేశాడు.

ఊళ్లో ముత్తన్న మాటకు ఎదురు లేదు. అంత నిప్పును ఓర్చుకునేవాడి నోట అబద్ధం రాదని జనం నమ్మకం. కాలువ నీళ్ల వంతు దగ్గర కర్రలు లేచినా, చెరకు తోట గట్టు జరిగినా ఆయన చెప్పిందే తీర్పు. అలాంటి మనిషిని అవిటివాణ్ణి చేశాడని ఊరు ఊరంతా బండ్లు కట్టుకొని దిగింది. "ఈ దవాఖాన ఉండొద్దు!" అని బయట ఒకటే కేకలు.

"నేనే మూసేస్త. ఇంకెవరికీ సూది వెయ్య," అన్నాడు ఆత్మారాం. కళ్లల్లో నీళ్లు.

ముత్తన్నకు సిగ్గేసింది. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

"డాక్టర్ సాబ్‌ను ఏమనకుండ్రి. ఆయన తప్పేం లేదు," అన్నాడు లోపలి నుంచే.

"సూసిండ్రా, మా అన్న మనసు!" సిద్దిరాములు గుమ్మంలోకి వెళ్లి అరిచాడు. బయట జనం జేజేలు కొట్టారు. ముత్తన్న సిగ్గుతో ఇంకా ముడుచుకుపోయాడు.

ఉన్నట్టుండి గదిలో చప్పుడు ఆగిపోయింది. దుప్పటి తొలగించి చూస్తే, డాక్టరు ఆయన పాదాలు పట్టుకొని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి పట్టుకున్నాడో ఏమో.

"నన్ను మన్నించు ముత్తన్నా."

అసలు మాట నోటిదాకా వచ్చింది. గుమ్మంలో ఊరంతా చేతులు జోడించి నిలబడి ఉంది. ముత్తన్న నోరు మూసుకున్నాడు.

మొట్టమొదటిసారి గుండంలో దిగిననాడు కూడా ఆ అరికాళ్లకు నిప్పు తెలియలేదు.